ముక్కాలి కథ: బరువు ఎవరు మోశారు?



ఈసారి పండుగ గురించి కాదు, వంట గురించీ కాదు. ఒక వస్తువు చరిత్ర రాస్తున్నాను. ఇంగ్లీషులో దాన్ని ట్రైపాడ్ అంటాం. నిఘంటువు తీస్తే త్రిపాది అని కనిపిస్తుంది. మంచి మాటే, కానీ మా అవ్వ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా అవ్వ దగ్గర ఉన్న మాట ముక్కాలిపీట. మూడు కాళ్ల పీట అని అర్థం. మూడు అనే మాట ఇంకో మాటతో కలిసినప్పుడు పొట్టిదై "ము" అవుతుంది, పక్కనున్న హల్లు ఒత్తుతో గట్టిపడుతుంది. ముమ్మారు అంటే మూడు సార్లు. ముప్పూటలా అంటే మూడు పూటలూ. ముక్కంటి అంటే మూడు కన్నులవాడు, శివుడు. అలాగే ముక్కాలి. పీటను పక్కన పెట్టి, ఈ వ్యాసం పొడుగునా ముక్కాలి అనే రాస్తాను.

ఇది రాయడానికి కారణం మా మేనల్లుడు. డర్బన్‌లో ఉంటాడు. చలికాలం వస్తే లైసెన్సు ఉన్న తుపాకీ పట్టుకుని నాటాల్ మిడ్‌లాండ్స్ వైపు వేటకు వెళ్తాడు. ఇంపాలా, బ్లెస్‌బాక్ లాంటి జింక జాతులు. పోయిన నెల గుడిలో ప్లేట్లు కడుగుతుంటే పక్కన చేరి అడిగాడు: "మామయ్యా, తేలికగా ఉండాలి, కదలకుండా నిలబడాలి. దుర్భిణికీ పనికి రావాలి, తుపాకీకీ పనికి రావాలి. అలాంటి ముక్కాలి ఏది కొనమంటావు?"

నేను మాంసం తినను. తుపాకీ ఎప్పుడూ పట్టలేదు. ఇది గుడి చుట్టూ తిరిగే వాళ్లందరికీ తెలుసు. అయినా నన్నే అడిగాడు, ఎందుకంటే నేను ముప్పై ఏళ్లు ఒక భూమి సర్వేయరు ఆఫీసులో పనిచేశాను. సర్వే ముక్కాళ్లు నా భుజం మీద తిరిగినన్ని ఏళ్లు వాడింకా పుట్టి పెరగలేదు. కర్రతో చేసిన మంచి సర్వే ముక్కాలి ఆరేడు కిలోలు ఉంటుంది. కొండ ఎక్కేటప్పుడు ప్రతి కిలో లెక్కకు వస్తుంది.

వాడికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కానీ వాడు అడిగిన రెండు గుణాలు, తేలిక, నిలకడ, ఒకదానితో ఒకటి పోట్లాడే గుణాలు. బరువైనది కదలదు. తేలికైనది కదులుతుంది. ఈ పోట్లాట నాలుగు వందల ఏళ్లకు పైగా నడుస్తోంది. ఏ కాలంలో ఏది గెలిచిందో తెలియాలంటే ఒక ప్రశ్న అడగాలి: బరువు ఎవరు మోశారు?

ముందు, మూడు కాళ్లే ఎందుకు? ఇది మన వంటింట్లోనే తెలుస్తుంది. పాతకాలపు పొయ్యికి మూడు రాళ్లు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు రాళ్ల మీద కుండ కుదురుగా కూర్చుంటుంది. నాలుగో రాయి పెడితే, ఆ రాయి మిగతా మూడింటితో సరిగ్గా సమానంగా లేకపోతే కుండ ఊగుతుంది. హోటల్లో నాలుగు కాళ్ల బల్ల కింద కాగితం మడిచి పెట్టినవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. మూడు బిందువులు ఎక్కడ ఉన్నా వాటి మీదుగా ఒక తలం పోతుంది. నాలుగో బిందువు ఆ తలం మీద ఉండాలని నియమం లేదు. అందుకే సమంగా లేని నేల మీద ముక్కాలి గెలుస్తుంది. వేటగాడు, సర్వేయరు, ఫొటోలు తీసేవాడు, ముగ్గురూ తిరిగేది సమంగా లేని నేల మీదే.

తుపాకీకి మొదట దొరికిన ఊతం మాత్రం మూడు కాళ్లది కాదు, ఒంటి కాలిది. 16వ శతాబ్దంలో యూరప్‌లో మస్కెట్ అనే తుపాకీ చాలా బరువు. చేత్తో ఎత్తి పట్టుకుని గురి చూడడం కష్టం. అందుకని సిపాయి ఇంకో చేత్తో ఒక పంగలకర్ర మోసేవాడు. పంగ అంటే కొమ్మ రెండుగా చీలిన చోటు. పల్లెల్లో పిల్లలు పిట్టలను కొట్టడానికి వాడేది కూడా పంగలకర్రే. ఆ సిపాయి కర్రను నేలలో గుచ్చి, పంగలో తుపాకీ గొట్టం పెట్టి కాల్చేవాడు. 1607లో నెదర్లాండ్స్‌లో యాకోబ్ డె హెయిన్ అనే చిత్రకారుడు సిపాయిల కవాతు మీద బొమ్మల పుస్తకం ఒకటి అచ్చు వేయించాడు. అందులో పంగలకర్ర ఎలా పట్టుకోవాలో, మందు కూరేటప్పుడు దాన్ని మణికట్టుకు ఎలా వేలాడదీయాలో బొమ్మబొమ్మకూ కనిపిస్తుంది. చూస్తే జాలి వేస్తుంది. ఆ మనిషికి ఉన్నవి రెండే చేతులు, పనులు మాత్రం నాలుగు. తర్వాత 17వ శతాబ్దంలో మస్కెట్లు తేలికయ్యాయి, పంగలకర్ర మాయమైంది. మోసేవాడూ కాల్చేవాడూ ఒకడే అయినప్పుడు బరువు ఎక్కువ కాలం నిలవదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మన అంటే, మా ముత్తాత ఓడ ఎక్కక ముందు ఉన్న దేశం.

1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. పొడవు ఏడున్నర మైళ్లు. ఆ గీత ఆధారంగా త్రిభుజాలు కట్టుకుంటూ దేశమంతా కొలవాలని పథకం. దాన్నే తర్వాత గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అన్నారు. కోణాలు కొలిచే యంత్రం పేరు థియొడొలైట్. చక్రం మీద తిరిగే దుర్భిణి అనుకోండి. లాంబ్టన్ దాన్ని లండన్‌లో విలియం కేరీ అనే పనివాడి చేత చేయించాడు. చక్రం వెడల్పు 36 అంగుళాలు, బరువు దాదాపు అర టన్ను. దారిలో ఫ్రెంచి నౌక ఒకటి ఆ ఓడను పట్టుకుని యంత్రాన్ని మారిషస్ తీసుకుపోయింది. అక్కడి ఫ్రెంచివాళ్లు అదేమిటో చూసి, మర్యాదగా మద్రాసుకు పంపించేశారు. మారిషస్ పాఠకులారా, మీ ద్వీపానికి ఈ కథలో ఇంత చోటు ఉంది.

అర టన్ను అంటే 500 కిలోలు. మా గుడిలో ఉత్సవానికి స్వామిని వాహనం మీద ఊరేగిస్తాం. పది పన్నెండు మంది భుజం పడతాం. గుడి చుట్టూ ఒక్క సుట్టు తిరిగేసరికే భుజం కమిలిపోతుంది. అలాంటి బరువును మద్రాసు నుంచి కన్యాకుమారి దాకా, ఇటు హైదరాబాదు దాటి పైకి, కొండలెక్కించి దింపి తీసుకుపోయారు. చరిత్ర పుస్తకాల్లో లాంబ్టన్ పేరు ఉంది. మోసినవాళ్ల పేర్లు లేవు. మద్రాసు వైపు పల్లకీలు మోసేవాళ్లను బోయీలు అనేవారు. అది మన తెలుగు మాటే. ఇంగ్లీషువాళ్లు అక్కడ నౌకరును "బాయ్" అని పిలిచినప్పుడు, అందులో ఇంగ్లీషు మాట ఎంతో, మన బోయీ ఎంతో విడదీయడం కష్టమని పాత నిఘంటువులే చెబుతాయి. చిన్నప్పుడు ఇక్కడ తోటల్లో మా తాతలను కూడా అదే మాటతో పిలిచేవారు. అందుకే ఈ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

1808లో తంజావూరులో ఒక ప్రమాదం జరిగింది. అక్కడ నేల చదును, చుట్టూ తాటిచెట్లు, కొబ్బరిచెట్లు. దూరం కనిపించాలంటే ఎత్తు కావాలి. ఎత్తు ఉన్నది గుళ్లకే. అందుకని బృహదీశ్వరాలయం విమానం మీదికి యంత్రాన్ని తాళ్లతో లాగుతున్నారు. పక్కకు కొట్టుకోకుండా ఆపే తాడు తెగింది. యంత్రం వెళ్లి గోడకు గుద్దుకుంది. చక్రం వంకర పోయింది. లాంబ్టన్ దాన్ని పారేయలేదు. పనివాళ్లతో కూర్చుని, విప్పి, కొట్టి, లాగి, మళ్లీ గుండ్రంగా చేశాడు. ఆ యంత్రం ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు పనిచేసింది. అతని ఓపికకు నేను నమస్కారం పెడతాను. కానీ గుడి గోడకు ఏమైందో ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు.

లాంబ్టన్‌కు సహాయంగా 1818లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాదు వచ్చి చేరాడు. కొండకు పేరు ఇచ్చిన ఎవరెస్ట్ ఇతనే. మరుసటి ఏడాది కృష్ణా గోదావరి నదుల మధ్య అడవులు కొలవడానికి బయలుదేరాడు. వానాకాలం. గాలి కడిగినట్టు తేటగా ఉంటుంది, దూరం బాగా కనిపిస్తుంది, అందుకే ఆ కాలం ఎంచుకున్నారు. దానితోపాటు అడవి జ్వరం కూడా వస్తుంది. ఎవరెస్ట్‌తోపాటు వందకు పైగా మనుషులు పడిపోయారు. కొందరు తిరిగి లేవలేదు. మిగిలినవాళ్లను హైదరాబాదుకు మోయించుకుని వచ్చారు. ఎవరెస్ట్ ఆరోగ్యం బాగుపడడానికి 1820లో ఓడెక్కి ఎక్కడికి వచ్చాడో తెలుసా? మా దేశానికే. కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు.

వచ్చి ఊరికే కూర్చోలేదు. లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త 1752లో కేప్‌లో కొలిచిన లెక్క ఒకటి ఉంది. దాని ప్రకారం భూమి దక్షిణ భాగం ఆకారం ఉత్తర భాగంతో సరిపోవడం లేదు. ఎవరెస్ట్ ఆ చోట్లు తిరిగి చూసి, తప్పు భూమిది కాదు, కొండలది అన్నాడు. దారానికి వేలాడే సీసపు గుండును పక్కనున్న కొండ తన వైపు కొంచెం లాగుతుంది. గుండు వంగితే లెక్క వంగుతుంది. తర్వాత 1840లలో థామస్ మెక్లియర్ మళ్లీ కొలిచి ఆ మాట నిజమని తేల్చాడు. కాబట్టి నిలకడ అంటే కాళ్లు గట్టిగా ఉండడం మాత్రమే కాదు. కొండ కూడా మీ పనిముట్టును తాకుతుంది.

ఇదే పరికరాల కుటుంబంలోంచి కెమెరా ముక్కాలి వచ్చింది. లాలా దీనదయాళ్ పేరు హైదరాబాదు వాళ్లకు తెలిసే ఉంటుంది. రూర్కీలో ఇంజనీరింగు చదివి, నక్షాలు గీసే ఉద్యోగం చేసి, తర్వాత ఫొటోలలోకి వచ్చాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఫొటోగ్రాఫరయ్యాడు. నిజాంకు వేట అంటే ప్రాణం. పులి వేట ఫొటోలు ఎన్నో ఉన్నాయి. ముందు చచ్చిన పులి, వెనక టోపీలు, తుపాకులు. చూడండి, ఎంత స్పష్టంగా ఉన్నాయో. ఆ స్పష్టతకు కారణం కర్రతో చేసిన ముక్కాలి. ఆ కాలపు కెమెరా పెద్ద పెట్టె, దానికి గాజు పలకలు. చేత్తో పట్టుకుని తీసే వస్తువు కాదు. ఆ పెట్టె, ఆ పలకలు, ఆ ముక్కాలి అడవిలోకి నడిచి రాలేదు కదా. మోసినవాళ్లు ఫొటో అంచున సగం కోసేసి కనిపిస్తారు, లేదా అసలు కనిపించరు.

అమెరికా సంగతి వేరు. 1870లలో అక్కడి పెద్ద మైదానాల్లో అడవి దున్నలను చర్మాల కోసం చంపేవాళ్లు. వాళ్ల షార్ప్స్ తుపాకులు ఐదారు కిలోలు, ఒక్కోటి ఏడు కిలోలు. రోజంతా కాల్చాలి. రెండు కర్రలను అడ్డంగా కట్టి, కత్తెరలా తెరిచి, నేల మీద కూర్చుని, ఆ కత్తెర మీద తుపాకీ పెట్టి కాల్చేవాళ్లు. రెండు కాళ్లు కర్రలవి, మూడో కాలు కాల్చేవాడి భుజం. ఖర్చు లేదు, బరువు లేదు, నిలకడ అమోఘం. ఆ నిలకడే కీడు చేసింది. లక్షలకు లక్షల దున్నలు పోయి, 1880ల చివరికి అడవిలో కొన్ని వందలే మిగిలాయి. మంచి ఊతం మంచి పనికే వాడతారని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇక మా నాటాల్. డర్బన్ నుంచి లేడీస్మిత్‌కు కారులో దాదాపు మూడు గంటలు. 1899 నవంబరు నుంచి 1900 ఫిబ్రవరి 28 దాకా 118 రోజులు బోయర్ సైన్యం ఆ ఊరిని ముట్టడించింది. తంతి తీగలు తెగిపోయాయి. లోపల ఉన్న ఇంగ్లీషు సైన్యం బయటివాళ్లతో మాట్లాడింది అద్దాలతో. హీలియోగ్రాఫ్ అనే యంత్రం, 5 అంగుళాల అద్దం, దాని కింద ముక్కాలి. ఎండను అద్దంలో పట్టి, మీట నొక్కుతూ వదులుతూ, పొట్టి మెరుపు, పొడుగు మెరుపు అని అక్షరాలు పంపడం. ఎండ బాగుంటే 30 మైళ్ల అవతల కూడా మామూలు కంటికి కనిపిస్తుంది. దీన్ని 1869లో కరాచీలో తంతి శాఖలో పనిచేసే హెన్రీ మాన్స్ తయారు చేశాడు. అద్దం వెంట్రుకవాసి కదిలినా మెరుపు వేరే కొండ మీద పడుతుంది. అంటే ఒక ఊరి ప్రాణం కొన్నాళ్లు మూడు కర్ర కాళ్ల మీద నిలబడింది. యంత్రం చిన్నది, ఒక్క మనిషి మోయగలడు. గుర్రాల మీద తిరిగే యుద్ధం కాబట్టి తేలిక అక్కడ గెలిచింది.

అదే యుద్ధంలో స్కాట్లాండ్ నుంచి లొవాట్ స్కౌట్స్ అనే దళం వచ్చింది. 1900లో మొదలైంది. వాళ్లు ఇంటి దగ్గర జింకల వేటలో దారి చూపించేవాళ్లు. ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాల దూరదర్శినితో మైళ్ల దూరంలో కొండవాలు మీద జింకను వెతకడం వాళ్ల వృత్తి. ముక్కాలి మోసేవాళ్లు కాదు. వెల్లకిలా ఆనుకుని, మోకాలు పైకెత్తి, మోకాలి మీదో చేతికర్ర మీదో గొట్టం ఆనించేవాళ్లు. సొంత శరీరమే ముక్కాలి. ఇప్పటికీ నేను మా మేనల్లుడికి చెప్పే మొదటి పాఠం ఇదే: కొనక ముందు కూర్చోవడం నేర్చుకో.

లేడీస్మిత్ లోపల ఇంకో మనిషి ఉన్నాడు, అతనికి దుర్భిణి కూడా లేదు. ప్రభుసింగ్ అనే భారతీయ ఒప్పంద కూలీ. ఉంబుల్వానా కొండ మీద బోయర్ల పెద్ద ఫిరంగి ఉండేది. అది పేలినప్పుడల్లా ఆ మెరుపు చూసి గంట కొట్టడం అతని పని. గంట విని జనం దాక్కునేవారు. గుండు ఊరిలో పడేలోపు కొన్ని క్షణాలే. కదలకుండా, కన్ను తిప్పకుండా, రోజంతా. గాంధీగారు అతని గురించి రాశారు. ఆ గాంధీగారే ఆ యుద్ధంలో దాదాపు 1,100 మంది భారతీయులతో గాయపడ్డవాళ్లను మోసే దళం నడిపారు. అందులో సుమారు 800 మంది తోటల నుంచి వచ్చిన ఒప్పంద కూలీలు. కొన్ని రోజులు 20 మైళ్లకు పైగా డోలీలు మోశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరినప్పటి నుంచి మనవాళ్లు ఇక్కడ మోస్తూనే ఉన్నారు కాబట్టి, సైన్యానికి అది వింతగా అనిపించి ఉండదు.

యుద్ధాల సంగతి ఇంకొక్కటే చెప్పి వదిలేస్తాను. 1912లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వికర్స్ మెషిన్‌గన్ బరువు 33 పౌండ్లు. దాని ముక్కాలి బరువు 50 పౌండ్లు. తుపాకీ కన్నా పీట బరువు! ఒకడు తుపాకీ మోస్తే ఇంకొకడు ముక్కాలి మోసేవాడు. మోయడానికి ఇంకో మనిషి ఉన్నాడంటే బరువు పెంచడానికి ఎవరూ భయపడరు.

వేటకు వస్తే, మా దక్షిణాఫ్రికా పొదల్లో గడ్డి నడుము దాకా ఉంటుంది. పడుకుని కాల్చడం కుదరదు, ఏమీ కనిపించదు. తుపాకీ కింద తగిలించే పొట్టి రెండు కాళ్లు అక్కడ దండగ. నిలబడే కాల్చాలి. నిలబడితే ఒళ్లు ఊగుతుంది. అందుకు ఇక్కడి జాడగాళ్లు మూడు పొడవాటి కర్రలను తీసుకుని, పై కొన దగ్గర పాత టైరు ట్యూబు ముక్కతో కట్టి, వేటకు తీసుకుపోతారు. జాడగాడు అంటే జంతువు అడుగుజాడలు చూసి దారి చెప్పేవాడు. అతను ముందు నడుస్తాడు, చేతిలో కర్రలు. జంతువు కనిపించగానే చప్పుడు లేకుండా కర్రలు తెరిచి నాటుతాడు. వెనక వచ్చిన విదేశీ అతిథి తుపాకీ దాని మీద పెట్టి కాలుస్తాడు. ఫొటోలో మళ్లీ అతిథే ఉంటాడు. వెదురు అయితే తేలిక, ట్యూబు రబ్బరు అయితే చప్పుడు చేయదు. వేల రాండ్లు పెట్టి కొనే ముక్కాలిలో ఈ రెండు గుణాలూ ఉన్నాయో లేదో చూడండి, చాలాసార్లు రెండోది ఉండదు. లోహం లోహానికి తగిలి టక్కుమంటే ఇంపాలా అక్కడ ఉండదు.

మా మేనల్లుడికి జాడగాడు లేడు. వాడి బరువు వాడే మోయాలి. తుపాకీ, నీళ్లు, దుర్భిణి, అన్నీ వాడి వీపు మీదే. అలాంటి మనిషికి తేలిక కావాలి. ఆ తేలిక నిజంగా దొరికింది ఈమధ్యే. 1994లో జిట్జో అనే ఫ్రెంచి కంపెనీ కార్బన్ ఫైబర్ కాళ్ల కెమెరా ముక్కాలి తెచ్చింది. అల్యూమినియం నీటి కన్నా 2.7 రెట్లు బరువు, కార్బన్ గొట్టం సుమారు 1.6 రెట్లు. పైగా తట్టినప్పుడు కార్బన్‌లో వణుకు త్వరగా చచ్చిపోతుంది. ఒకే మనిషి మోసుకుంటూ కొండలెక్కి ఫొటోలు తీసేవాళ్ల కోసం చేశారు. అక్కడి నుంచి పక్షులను చూసేవాళ్లకు, వాళ్ల నుంచి వేటగాళ్లకు చేరింది. తుపాకీకి అడుగున తగిలించే 38 మిల్లీమీటర్ల పట్టీ కూడా ఆర్కా స్విస్ అనే కెమెరా కంపెనీ పద్ధతే. దానివల్ల ఒకే ముక్కాలి మీద ఉదయం దుర్భిణి, మధ్యాహ్నం తుపాకీ పెట్టుకోవచ్చు.

ఇంత చరిత్ర చెప్పి, వాడు అంతకు ముందే కొన్న ముక్కాలి చూశాను. ఒక దుకాణంవాడు తేలిక అని చెప్పి అమ్మాడట. కిలో కూడా లేదు. కాళ్లు ఐదు ముక్కలుగా సాగుతాయి. అడుగు ముక్క నా చిటికెన వేలంత ఉంది. డ్రాకెన్స్‌బర్గ్ గాలికి దాని మీద దుర్భిణి గడ్డిపోచలా ఊగిందని వాడే చెప్పాడు. ఊగక ఏం చేస్తుంది? గొట్టం గోడ మందం అలాగే ఉంచి వెడల్పు రెండింతలు చేస్తే, గొట్టం వంగకుండా నిలబడే బలం ఎనిమిదింతలవుతుంది. బరువు మాత్రం రెండింతలే. అంటే సన్నబడిన కొద్దీ బరువు కొంచెం తగ్గుతుంది, బలం చాలా తగ్గుతుంది. అందుకే లావు కాళ్లు, తక్కువ ముక్కలు. మూడు ముక్కలు మంచిది, నాలుగు ఫరవాలేదు, ఐదు సంచిలో పెట్టుకుని విమానం ఎక్కేవాళ్లకు.

నడిమి కడ్డీ వద్దన్నాను. కడ్డీ పైకి లేపితే మూడు కాళ్ల మీద ఒంటికాలి పీట పెట్టినట్టే, పంగలకర్ర కాలానికి వెనక్కి వెళ్లినట్టే. అది లేకుండానే కళ్ల ఎత్తు దాకా రావాలి. కాళ్ల కొనలకు రబ్బరు, దాని లోపల మేకు ఉంటే రాతి మీదా మట్టి మీదా పనికొస్తాయి. వాలు మీద రెండు కాళ్లు కిందికి, ఒక కాలు పైకి పెట్టాలి. ఇది సర్వేయర్లందరికీ మొదటి రోజే నేర్పుతారు. గాలి ఉంటే సంచిని మధ్యలో వేలాడదీయాలి, కానీ సంచి అడుగు నేలను తాకుతూ ఉండాలి, లేకపోతే అదే గంటలా ఊగుతుంది. దుర్భిణికి మాత్రమే అయితే కిలోన్నర చాలు. తుపాకీ కూడా పెట్టాలంటే రెండున్నర కిలోల పైన చూడాలి. రెండిటికీ కిలోన్నరది అని ఎవరైనా అమ్మితే, నేనైతే లేచి వచ్చేస్తాను.

వాడు కాస్త గొణిగాడు. "ఇంకో కిలో మోయాలా మామయ్యా?"

మోయాలి. దుర్భిణి పది రెట్లు పెద్దగా చూపిస్తే చేతి వణుకును కూడా పది రెట్లు చేస్తుంది. అక్కడ పోయేది ఒక దృశ్యమే, మళ్లీ చూసుకోవచ్చు. తుపాకీ అలా కాదు. తుపాకీ ముందు కొనకూ భుజానికీ మధ్య ఒక మీటరు అనుకోండి. ముందు కొన ఒక్క మిల్లీమీటరు కదిలితే 200 మీటర్ల దూరంలో గుండు 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఇంపాలా గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు చిన్న పళ్లెమంత. 20 సెంటీమీటర్లు పక్కకు అంటే కడుపులో, లేదా కాలిలో. ఆ జంతువు పరుగెత్తుతుంది, పొదల్లో పడి రాత్రంతా చస్తుంది. వేట తప్పా ఒప్పా అని వాడితో నేను వాదించను. వాళ్ల అమ్మ వాదించి వదిలేసింది. కానీ వేటాడేవాడు ఆ ఒక్క మిల్లీమీటరు సంగతి తన భుజం మీద వేసుకోవాలి. ఒక కిలో మిగుల్చుకుంటే, దాని ఖరీదు ఇంకో ప్రాణి చెల్లిస్తుంది. లాంబ్టన్ అర టన్ను బోయీలు మోశారు. వీడి కిలో వీడు మోయలేడా?

చివరికి మూడు ముక్కల కాళ్లది, నడిమి కడ్డీ లేనిది, 2.7 కిలోలది కొన్నాడు. మొదటి రెండు వారాలు తుపాకీ తీసుకుపోవద్దని, దుర్భిణి ఒక్కటే పెట్టి చూడమని చెప్పాను. ఎలాండ్‌లు కొండవాలు మీద మేస్తుంటే ఒక గంట కదలకుండా చూశాడట. కాళ్ల కీళ్లు టక్కుమంటున్నాయని మళ్లీ ఫోను చేశాడు. పాత సైకిలు ట్యూబు కోసి చుట్టమన్నాను.

ఒక మాట మాత్రం నాకు దొరకలేదు. ఇక్కడి జాడగాళ్ల మూడు కర్రలను తెలుగులో ఏమనాలి? ఊతకర్రలు అంటే ముసలివాళ్ల చేతికర్ర గుర్తొస్తుంది. పంగలకర్ర ఒక్క కాలిది. గుంటూరు వైపో, పాలమూరు వైపో మీ పెద్దవాళ్లు చేలో మంచె కింద కాపలా కాసినవాళ్లయితే, వాళ్లను అడిగి రాయండి.